మా కెప్టెన్ చెప్పమన్న ఒక్క మాట

మా కెప్టెన్ పోయారన్న కబురు నాకు ఫోన్లో గ్రూపు మెసేజ్‌గా వచ్చింది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలో ఉతికిన యూనిఫాం చొక్కాలు ఆరేస్తున్నాను. పొద్దున్నే వర్తూరులోని వాళ్ళింట్లో, కాఫీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయారట. గుండెపోటు. మెసేజ్ కింద ఎవరో ఒక ఫొటో పెట్టారు. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు గీతలు, అలవాటుగా కాస్త పక్కకు వంగిన తల. కుడిచెయ్యి పక్కకు చాచి ఉంది గానీ మణికట్టు దగ్గర ఫొటో అయిపోయింది. పక్కనున్న మనిషిని కత్తిరించేశారు.

ఆ పక్కనున్నది నేనే. ఆ చెయ్యి నా భుజం మీద ఉంది.

గ్రూపులో సంతాపాలు వరసగా వచ్చి పడ్డాయి. గొప్ప మనిషి అన్నారు, మనందరి కోసం నిలబడ్డాడు అన్నారు. ఆయన నిలబడిన రోజున వీళ్ళలో ఎంతమంది పక్కన ఉన్నారో నాకు తెలుసు. నేనూ ఏదో రాయబోయి మూడుసార్లు చెరిపేశాను. చివరికి చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. దహనానికి కూడా వెళ్ళలేదు. ఆయన గురించి రాయాలంటే నా గురించి కూడా రాయాల్సి వస్తుంది. అది నాకు బొత్తిగా ఇష్టం లేదు. అయినా ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది చాలు.

ఆయన నాకు విమానం నడపడం నేర్పలేదు. అది ముందే నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. ఆయన నేర్పింది చదవడం. విమానం కదిలే ముందు మాకొక చెక్‌లిస్టు ఉంటుంది. ఒకరు ఒక్కో అంశం పైకి చదువుతారు, రెండోవారు దాన్ని కంటితో చూసి జవాబు చెప్పాలి. కొత్తలో నాకు అదంతా కంఠతా వచ్చు. ఆయన చదవడం పూర్తికాక ముందే టకటకా జవాబులు చెప్పేసేవాణ్ణి. ఆయన ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నా వైపు తిరిగేవారు.

"చెప్పినావు సరే అప్పా, చూసినావా?"

అంతే. కోప్పడేది లేదు, ఉపన్యాసం లేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. వెనకాల ప్రయాణికులు సీటు బెల్టులు పెట్టుకుని ఎదురు చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే గానీ, తప్పు పట్టేటప్పుడు మాత్రం ఆయనకు వాళ్ళింటి తెలుగు వచ్చేది. వాళ్ళది ఆంధ్ర సరిహద్దు పల్లె. తండ్రి కాలంలోనే బెంగళూరు వచ్చి స్థిరపడ్డారు.

ఇంటి నుంచి స్టీలు డబ్బాలో చిత్రాన్నం తెచ్చుకునేవారు. విమానంలో ఉండగా ఇద్దరు పైలట్లూ ఒకే వంట తినకూడదన్నది మా నియమం. ఒకరికి తేడా చేస్తే రెండోవాడన్నా నిలబడాలి కదా. అందుకని ఆయన ఆకాశంలో ఉండగా సగం తిని, దిగి ఇంజిన్లు ఆపాక మిగతా సగం డబ్బా మూతలో పెట్టి నాకు ఇచ్చేవారు. ఆకలి మీద ఉంటానని ఆయనకు తెలుసు. అక్కయ్య, అంటే ఆయన భార్య, అందులో వేరుశనగపప్పు దండిగా వేసేది.

ఆయన తాళాల గుత్తికి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుండేది. అంకెలు అరిగిపోయి సగమే కనిపించేవి. వాళ్ళ నాన్న ఇక్కడే ఒక పెద్ద ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశారట. పొద్దున గేటు దగ్గర ఆ బిళ్ళ చూపించి లోపలికి వెళ్ళేవారట. బహుశా దాని వల్లనేమో, మా కెప్టెన్‌కు ఒక వింత అలవాటు ఉండేది. హోటల్లో దిగినప్పుడు రిజిస్టర్లో వృత్తి అన్నచోట మేమందరం పైలట్ అని రాస్తే, ఆయన వర్క్‌మన్ అని రాసేవారు. కౌంటర్లోని అమ్మాయి ఆ మాటనీ, ఆయన యూనిఫాంనీ మార్చి మార్చి చూసేది. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి అడిగాను, మనం కార్మికులం ఎలా అవుతాం సార్ అని. ఆయన సంతకం పూర్తిచేసి, పెన్ను మూత పెట్టి చెప్పారు. "చట్టం జీతం చూడదప్పా, భుజం చూడదు. చేతుల్తో ఏం పని చేస్తాండావో అది చూస్తాది."

నాకు ఆ మాట రుచించలేదు. భుజం చూడకపోవడం ఏమిటి? దాని కోసమే కదా ఇంత చదివింది. మా నాన్న ఖమ్మంలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. భుజం మీది బంగారు గీతలను మేం బార్లు అంటాం. కో-పైలట్‌కు మూడు, విమానానికి పెద్దయిన కమాండర్‌కు నాలుగు. మావాడికి నాలుగు బార్లు వచ్చాయని మా నాన్న వీధంతా చెప్పుకుంటే, హెడ్మాస్టరు కొడుకు మద్యం వ్యాపారంలో దిగాడా అని కొందరు అడిగారట. ఆయనకు అదేమీ పట్టలేదు. నాలుగో బారు నా భుజానికి తొడిగింది మా కెప్టెనే. తొడిగి, దాని మీద చెయ్యి వేసి ఫొటోకు నిలబడ్డారు. గ్రూపులో వచ్చిన ఫొటో అదే.

ఆ తర్వాత కొన్నాళ్ళకే కంపెనీ కొత్త ఒప్పందం పంపింది. అందరికీ కలిపి కాదు. ఒక్కొక్కరికీ విడివిడిగా, మా చేతుల్లో ఉండే ట్యాబ్‌లకు. కింద అంగీకరిస్తున్నాను అని ఒక గడి, నొక్కడానికి వారం రోజుల గడువు. ఏదో యాప్ పెట్టుకునేటప్పుడు నొక్కినట్టు నొక్కేసే రకం మేమందరం. మా కెప్టెన్ మాత్రం ఆదివారం అందర్నీ కుందలహళ్ళిలోని తమ ఇంటికి రమ్మన్నారు. ఆ కాగితాలు అచ్చు తీయించి తలా ఒకటి చేతిలో పెట్టారు. అచ్చం చెక్‌లిస్టు పద్ధతే. ఒకరు ఒక క్లాజు చదవాలి, పక్కవారు దానివల్ల తమ రోజు ఎలా మారుతుందో సొంత మాటల్లో చెప్పాలి. తెలుగు, కన్నడ, హిందీ, ఎవరి భాష వాళ్ళది. అక్కయ్య కాఫీలు తెచ్చి, తలుపు దగ్గరే నిలబడి వినేది.

ఏడో క్లాజు నా వంతుకు వచ్చింది. సంస్థ అవసరాలను బట్టి విశ్రాంతి వేళలు సవరించబడును, అంతే సార్, మామూలుదే అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోశారు.

"చెప్పినావు సరే, చూసినావా?"

మళ్ళీ చూశాను. వరసగా కొన్ని రోజులు తెల్లవారకముందే లేవాల్సి వస్తే, మధ్యలో మాకు దొరికే విశ్రాంతి ఆ క్లాజులో కరిగిపోయింది. ఎంత కరిగిందో ఎక్కడా రాసిలేదు. అలసిపోయినవాడు తాను అలసిపోయానని తెలుసుకోలేడు, అదే మా పనిలో ఉన్న ప్రమాదం. అప్పుడు ఆయన ఒక మాట అన్నారు.

"ఒకరొకరం పొయి అడిగితే అది బతిమాలేది. అందరం కూచుని అడిగితే అది బేరం. ఎవురూ ఒక్కరే నొక్కొద్దండప్పా."

సరేనన్నాం. నేను కాస్త గట్టిగానే అన్నాను. బుధవారం కంపెనీవాళ్ళు నన్ను ఆఫీసుకు పిలిచి, కొత్త కమాండర్‌వి, ముందు చాలా భవిష్యత్తు ఉంది అని కాఫీ ఇచ్చి పంపారు. మర్నాడు డ్యూటీకి వెళ్తూ, క్యాబ్ హెబ్బాళ ఫ్లైఓవర్ దిగేలోపు నేను నొక్కేశాను. దాదాపు అందరూ నొక్కేశారని తర్వాత తెలిసింది. బేరానికి రమ్మని కంపెనీకి అందరం కలిసి రాయాల్సిన ఉత్తరం ఆయన ఒక్కరి సంతకంతో వెళ్ళింది.

కొన్ని నెలలకు ఒక పొద్దున ఆయన, వరస డ్యూటీలతో అలసిపోయాను, ఈ పూట నేను విమానం నడపడం క్షేమం కాదు అని రాసిచ్చి ఇంటికి వెళ్ళిపోయారు. అలా రాయడం మా హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. నెల తిరక్కుండా ఆయనకు ఉద్యోగం నుంచి తీసేస్తూ ఉత్తరం వచ్చింది. అందులో అలసట అన్న మాటే లేదు. ఆయన మీద సంస్థకు నమ్మకం పోయిందని ఉంది.

ఆయన కార్మిక శాఖకు వెళ్ళారు. అక్కడ మొదటి ప్రశ్న ఆయన తప్పు చేశారా లేదా అన్నది కాదు. చట్టం ప్రకారం ఆయన కార్మికుడేనా అన్నది. ఔనంటే, ఎందుకు తీసేశారో కంపెనీ జవాబు చెప్పుకోవాలి. కాదు, పెత్తనం చేసే అధికారి అంటే, కార్మిక శాఖ తలుపు తట్టే హక్కే ఆయనకు ఉండదు. మా పని ఏమిటో వచ్చి చెప్పడానికి ఉద్యోగంలో ఉన్న కమాండర్ ఒకరు కావాలి. చాలామందికి హఠాత్తుగా ఊళ్ళకు వెళ్ళాల్సిన పనులు పడ్డాయి. నేను వస్తానన్నాను. ట్యాబ్ నొక్కిన పాపం ఇలా కడుక్కోవచ్చనుకున్నాను కాబోలు. నా మంచితనం అంతవరకే.

ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్ళాను. దారిలో బట్టలు మార్చుకునే వ్యవధి ఉంది. మార్చుకోవాలనిపించలేదు. కార్మిక శాఖ ఆఫీసు మెట్ల మీద ఆయన పొట్టి చేతుల చొక్కాతో, గుడ్డసంచిలో ఫైలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి సంతోషపడ్డారు. తర్వాత నా భుజాల వైపు చూసి, "ఆ బార్లు తీసి జేబులో పెట్టుకో అప్పా. లోపల నువ్వు మాట్లాడల్ల, అవి కాదు" అన్నారు. యూనిఫాం చూస్తే ఆఫీసర్‌కు రెస్పెక్ట్ ఉంటుంది సార్ అని నవ్వేశాను. ఆయన రెండోసారి చెప్పలేదు.

లోపల అధికారి నెమ్మదైన మనిషి. ఎదురుగా కంపెనీ తరఫు లాయరు. నన్ను కూర్చోమని కుర్చీ చూపించారు. మా కెప్టెన్ నిలబడే ఉన్నారు, ఆ సంగతి నేను గమనించలేదు. అధికారి నా భుజం మీది గీతలు ఏమిటని అడిగారు. చెప్పాను. విమానంలో మీ కింద ఎంతమంది పనిచేస్తారని అడిగారు. చెప్పాను, కాస్త సాగదీసే చెప్పాను. చివరికి ఆయన కలం పట్టుకుని, అయితే మీలాంటి పైలట్ కార్మికుడేనా అని అడిగారు.

ఔను అనాలి. అంతే. మా కెప్టెన్ నన్ను చెప్పమన్నది ఆ ఒక్క మాట. నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఫ్యాను కింద ఫైళ్ళు సర్దుతున్న గుమాస్తా తలెత్తి నన్నే చూస్తున్నాడు. కంపెనీ లాయరు కూడా మర్యాదగా చూస్తున్నాడు.

"నో సర్. ఐయామ్ ది కమాండర్. విమానంలో అందరూ నా ఆర్డర్ కిందే పనిచేస్తారు" అన్నాను.

అన్నాక భుజాలు నిటారుగా పెట్టుకున్నాను కూడా. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ కొనలేదు. కార్మికుడు అనిపించుకోవడానికి సిగ్గుపడి అన్నాను. కంపెనీ లాయరు ఆ మాట యథాతథంగా రాసుకోమని కోరాడు. అధికారి రాసి కాగితం నా వైపు తిప్పారు. మా కెప్టెన్ కళ్ళ ముందే, చదవకుండా సంతకం పెట్టాను.

బయటికొచ్చాక ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిన్నావా అని అడిగి, ఆ వీధి చివరి దర్శిని హోటల్‌కు తీసుకెళ్ళారు. నిలబడి తినే బల్ల దగ్గర ఇడ్లీ వడ పెట్టించి, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచి ఇమ్మని బై-టూ చెప్పారు. తన గ్లాసులోది ఊదుకుంటూ, నా వైపు చూడకుండా మాట్లాడారు.

"నువ్వు అబద్ధం చెప్పలేదులే అప్పా. విమానంలో నువ్వు పెద్దోడివే. ఆయప్ప అడిగింది విమానం సంగతి కాదు. కంపెనీకి నువ్వు ఎవురని అడిగినాడు."

నాకు అప్పుడు అర్థమైంది. వెనక్కి వెళ్ళి దిద్దుకోవచ్చు, ఆఫీసు ఇంకా తెరిచే ఉంది. ఆయన బేజారు చేసుకోవద్దన్నారు, నేను చేసుకోలేదు. ఇంటికొచ్చి నిద్రపోయాను.

రాజీ కుదరలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. కంపెనీవాళ్ళు మొట్టమొదట పెట్టిన కాగితం నా సంతకం ఉన్నదే. ఆయన కార్మికుడా కాదా అన్న ఆ మొదటి మెట్టు మీదే కేసు ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆయన లాయరు నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. సెలవు మీరు ఇచ్చుకుంటారా, సిబ్బందిని మీరు ఎంచుకుంటారా, మీ పని వేళలు మీరు నిర్ణయిస్తారా, ఇవే ఒక అఫిడవిట్‌లో రాసివ్వండి చాలు అన్నాడు. రావడం కుదరదండీ, నా రోస్టర్ నా చేతుల్లో ఉండదు అని చెప్పి ఫోన్ పెట్టేశాను. కోర్టుకు కావలసిన జవాబు సరిగ్గా అదేనని నాకు ఆ తర్వాత ఎప్పుడో తట్టింది. ఆ వాక్యం కోర్టులో చెబితే ఆయనకు పనికొచ్చేది. తప్పించుకోవడానికి వాడుకున్నాను.

వాళ్ళు కుందలహళ్ళి ఇల్లు వదిలి వర్తూరులో చిన్న ఇంటికి మారారు. మేడ మీది గదిలో ఆయన పైలట్ పరీక్షలు రాసే పిల్లలకు పాఠాలు చెప్పేవారు. కోర్టు వాయిదాలు నడుస్తుండగానే విమానం నడిపే వయసు దాటిపోయింది. నాకు ఆరు నెలలకోసారి జరిగే పరీక్ష ముందు ఆయన నుంచి తప్పకుండా ఒక మెసేజ్ వచ్చేది, చూసి చెప్పు అని. నేను బొటనవేలు బొమ్మ పెట్టేవాణ్ణి.

ఒకసారి వర్తూరు రోడ్డు పక్కన ఆయన కనిపించారు. అనపకాయల కాలం. ఒక్కో కాయనూ ముక్కు దగ్గర పెట్టుకుని, సొగడు వాసన చూసి ఏరి బుట్టలో వేసుకుంటున్నారు. పక్కన ఆపి ఉన్న టెంపో వెనక్కి తప్పుకున్నాను. ఆయన వెళ్ళిపోయేదాకా అక్కడే, ఈ వయసులో, దొంగలాగా నిలబడ్డాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది, ఆరోగ్యమేనా అప్పా అని. చూశారన్నమాట.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. అంతకుముందు వెళ్ళకపోవడానికి డ్యూటీలని కారణం చెప్పుకోవచ్చు గానీ, ఇక్కడ ఆ అబద్ధం ఆడను. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అక్కయ్య నాకు విస్తరి వేసి కూర్చోబెట్టింది. ఎదురుగా మేకుకు తాళాల గుత్తి వేలాడుతోంది. ఇత్తడి బిళ్ళ అలాగే ఉంది. అన్నం కలుపుతూ, కేసు ఇక ఆపేస్తారా అక్కా అని అడిగాను.

"యాల ఆపేది? వారసులు నడపొచ్చంట. దుడ్డు కోసం కాదప్పా. మీ సారు కార్మికుడే అని ఒక కాగితంలో రాసిస్తే చాలు నాకు" అంది.

నేను వచ్చి చెప్తానన్నాను. అప్పుడు తప్పు చెప్పాను, రాబోయే వాయిదాకు వచ్చి ఆ తప్పు ఒప్పుకుంటాను, అఫిడవిట్ కూడా ఇస్తాను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె వద్దనలేదు. పరవాలేదని కూడా అనలేదు. విస్తట్లో మజ్జిగ పోస్తూ అంది.

"చెప్పు. ఆయన వినింటే బాగుండు."

చెయ్యి కడుక్కుని పటం దగ్గరికి వెళ్ళాను. దండ వేసి ఉన్నది అదే ఫొటో. ఇక్కడా ఆయన ఒక్కరే ఉన్నారు. నన్ను కత్తిరించారా అని అడగడానికి నాకు ఏ హక్కూ లేదు. నేను చూస్తున్నది ఆమె గమనించింది.

"బతికుండే మనిషికి దండ పడగూడదు కదప్పా. పిల్లలు కత్తిరిద్దామనిరి. నాకు మనసు రాలే. మడిచి పెట్టినా. ఆయన వెనకాలే ఉండావు నువ్వు" అంది.

దగ్గరికి వంగి చూశాను. ఆయన కుడిచెయ్యి పటం అంచు దాకా వచ్చి, అక్కడ సన్నటి మడత దగ్గర వెనక్కి తిరిగిపోయింది. ముందు నుంచి చూస్తే మణికట్టు వరకే కనిపిస్తుంది. అరచెయ్యి ఆ వెనక, చీకట్లో, ఇంకా నా నాలుగు బార్ల మీదే ఉంది.